పండుగలంటే విసుగు పుడుతోంది: రిటైల్ ఉద్యోగంలో కొనసాగాలా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ ఒక దుస్తుల దుకాణంలో పార్ట్‌టైమ్‌గా పనిచేస్తున్నాను. చదువు పూర్తికాగానే అక్కడే ట్రెయినీ మేనేజర్‌గా చేరమంటున్నారు. అయితే ఈ పనిలో చేరినప్పటి నుంచి పండుగలంటేనే విసుగు పుడుతోంది. ఇంట్లో అందరూ సంబరంగా ఉంటే నాకు పడుకోవాలనిపిస్తోంది. ఈ రంగం నాకు సరిపడదని అనుకోవాలా?

జవాబు: ఈ ఒక్క కారణంతో రంగమే సరిపడదని తేల్చుకోవడం తొందరపాటు అవుతుంది. మీ విసుగు ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడాలి.

ఇతరులకు పండుగ ఒకటి రెండు రోజులదైతే, దుకాణంలో పనిచేసేవారికి అది కొన్ని వారాల ముందే మొదలవుతుంది. అదనపు సరుకు దించి సర్దడం, అలంకరణలు కట్టడం, రోజంతా తిరిగి తిరిగి మోగే అవే పాటలు వినడం మీ వంతు. చివరి రోజు సాయంత్రం, తనకు కావలసిన సైజు అయిపోయిందని కోప్పడే కొనుగోలుదారుకు చిరునవ్వుతో సర్దిచెప్పి, షట్టరు దించాక ట్రయల్ రూముల్లో గుట్టపడిన బట్టలన్నీ మడతపెట్టి, వాటికి మర్నాటి తగ్గింపు ధరల లేబుళ్లు అంటించి ఇల్లు చేరే మనిషికి సరదా మిగలకపోవడంలో వింతేమీ లేదు. మనసులో లేని ఉత్సాహాన్ని గంటల తరబడి ముఖాన నిలపడం కూడా ఒక పనే. 1980ల నుంచి సామాజిక శాస్త్రవేత్తలు దీన్ని భావోద్వేగ శ్రమగా గుర్తించి పరిశీలిస్తున్నారు. కాబట్టి మీకు పండుగల మీద ప్రేమ తగ్గిందని బాధపడనవసరం లేదు. అలసటే అలా కనిపిస్తూ ఉండవచ్చు.

అయితే, నా అభిప్రాయంలో రద్దీ కంటే ఎక్కువగా కుంగదీసేది సెలవు ఎప్పుడో చివరిదాకా తెలియకపోవడం. శరీరం అలసిపోతే విశ్రాంతితో కోలుకుంటుంది గానీ, షిఫ్టుల పట్టిక ఆలస్యంగా వచ్చే చోట ఇంట్లోవారికి వస్తాననీ చెప్పలేము, రాననీ చెప్పలేము. ఈ ఇబ్బందిని గుర్తించే అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2017లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 500 లేదా అంతకంటే ఎక్కువ మంది సిబ్బంది ఉన్న రిటైల్ సంస్థలు ఇప్పుడు పనివేళలను 14 రోజుల ముందుగా తెలియజేయాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు, కొన్ని మినహాయింపులు తప్ప, క్రిస్మస్ రోజున తెరవకూడదని 2004 నాటి చట్టం చెబుతోంది. ఆ రోజు తలుపులు మూసినా ముందు రోజు రద్దీ, తర్వాత సరుకు మార్చుకోవడానికి వచ్చేవారి వరుస ఎలాగూ ఉంటాయి. అందువల్ల సెలవు దొరకడం ఎంత ముఖ్యమో, దాని చుట్టూ ఉన్న రోజుల్లో పనిభారం ఎలా పంచుతారన్నదీ అంతే ముఖ్యం.

ఇక మీకు వచ్చిన అవకాశం సంగతి. స్టోర్ మేనేజర్ పదవి వైపు వెళ్లే కొద్దీ సీజన్‌లో సెలవు దొరకడం కష్టమవుతుంది, ఎందుకంటే సిబ్బందికి సెలవులు సర్దే మనిషే ఆ రోజుల్లో తప్పక ఫ్లోర్‌పై ఉండాల్సి వస్తుంది. (పార్ట్‌టైమ్‌లో ఉన్న కాస్త వెసులుబాటు కూడా అక్కడ ఉండదు.) కానీ రిటైల్ అంటే కౌంటర్ ఒక్కటే కాదు. సరుకు ఎంపిక చేసే బయ్యర్లు పండుగ పనిని నెలల ముందే ముగించి, ఆ వారంలో అమ్మకాల లెక్కలు చూసుకుంటారు. డిస్‌ప్లేలు తీర్చిదిద్దే విజువల్ మర్చండైజింగ్ వారికి అసలు ఒత్తిడి సీజన్ మొదలయ్యే ముందే ఉంటుంది. సిబ్బంది శిక్షణ చూసేవారికీ పని చాలావరకు ముందే పూర్తవుతుంది. ఆన్‌లైన్ అమ్మకాల కస్టమర్ సర్వీసులో మాత్రం సుఖం ఉంటుందనుకోకండి. అక్కడ రద్దీ ఫోన్ల రూపంలో వస్తుంది.

పండుగ రోజున ఇంట్లో ఉండి తీరాలన్నది మీకు వదులుకోలేని విషయమైతే, జీతం ఎంత బాగున్నా స్టోర్ మేనేజ్‌మెంట్ వైపు వెళ్లవద్దనే చెబుతాను. ఒక రోజు ముందో వెనకో జరుపుకున్నా ఫర్వాలేదని మీరూ, మీ కుటుంబమూ నిజంగా అనుకుంటే, ఆ రోజును ఇప్పుడే నిర్ణయించుకుని, మీ అనుభవానికి తగిన ఈ పదవిని స్వీకరించవచ్చు.

చేరే ముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: సీజన్‌లో షిఫ్టుల పట్టిక ఎన్ని రోజుల ముందు ఇస్తారు, అదనంగా చేసిన పనికి డబ్బు ఇస్తారా లేక బదులు సెలవు ఇస్తారా, పండుగ రోజుల డ్యూటీని ఏటా మార్చి మార్చి వేస్తారా. వీటికి సూటిగా సమాధానం రాకపోతే, సంతకం చేసే ముందు అదే సంస్థ ప్రధాన కార్యాలయంలో ప్రారంభ స్థాయి ఖాళీలు ఉన్నాయేమో విచారించండి.