డేటా ఎంట్రీ పని పూర్తి చేయలేదని లాయర్ నోటీసు.. నన్ను అరెస్టు చేస్తారా?

ప్రశ్న: ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వయసు 22. హాస్టల్ ఖర్చులకు ప్రతిసారీ ఇంట్లో చెయ్యి చాచడం ఇష్టంలేక, ఫోన్లో ప్రకటన చూసి ఇంటి నుంచే చేసుకునే డేటా ఎంట్రీ పనిలో చేరాను. ఆధార్, పాన్, సెల్ఫీ తీసుకుని ఆన్‌లైన్లో అగ్రిమెంటు చేయించారు. అయిదు రోజుల్లో 500 ఫారాలు నింపాలి, తప్పులు నూటికి పది దాటకూడదు. మూడో రోజు నుంచి వాళ్ల సైటే సరిగా తెరుచుకోలేదు. 410 చేయగలిగాను. ఇప్పుడు అగ్రిమెంటు ప్రకారం రూ. 6,800 కట్టాలని వాట్సాప్‌లో లాయర్ నోటీసు పంపారు. కట్టకపోతే అరెస్టు వారంటు వస్తుందని, యూనివర్సిటీకి ఉత్తరం రాస్తామని బెదిరిస్తున్నారు. డబ్బు లేకపోతే నెల రోజులు నా బ్యాంకు ఖాతా వాళ్లకిస్తే మాఫీ చేస్తామని నిన్న ఒకాయన ఫోన్ చేశాడు. నాన్నకు తెలిస్తే చదువు మాన్పిస్తారు. ఏం చేయమంటారు? - ఒక విద్యార్థిని

జవాబు: నోటీసు గురించి భయపడుతూ రాశారు గానీ, అసలు భయపడాల్సిన మాటను చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. బ్యాంకు ఖాతా ఇవ్వకండి. నెల రోజులకు కాదు కదా, ఒక్క పూటకు కూడా వద్దు. ఏటీఎం కార్డు, ఓటీపీ వచ్చే సిమ్ వాళ్ల చేతిలో పడ్డాక ఆ ఖాతాలోకి వచ్చేది సాధారణంగా ఇంకెవరో మోసపోయి పోగొట్టుకున్న సొమ్మే. ఆ బాధితులు ఫిర్యాదు చేసిన రోజున పోలీసులకు మొదట దొరికేది మీ పేరు, మీ చిరునామా. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 ప్రకారం మోసం చేసి రాబట్టిన సొమ్ము కూడా దొంగసొత్తు కిందికే వస్తుంది. అది అలాంటిదని నమ్మడానికి కారణం ఉండీ దగ్గర పెట్టుకున్నవాళ్లు నేరస్తులే. 'పెనాల్టీ మాఫీ చేస్తామంటే ఇచ్చాను' అన్న జవాబు మీకు సాయపడదు, 'ఊరికే ఎవరైనా మాఫీ చేస్తారా, అనుమానం రాలేదా' అన్న ఎదురుప్రశ్నకు దారి తీస్తుంది. కోర్టు చివరికి మిమ్మల్ని నిర్దోషి అనవచ్చు. అప్పటికి మీ ఎమ్మెస్సీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఇక నోటీసు. లాయర్ నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. క్లయింటు చెప్పింది విని లాయరు రాసే ఉత్తరం, అంతే. నేనూ రోజూ రాస్తుంటాను. ఎంత ఘాటుగా రాసినా అది ఉత్తరమే. మీకు వచ్చినదాంట్లో లాయరు పేరు, చిరునామా, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే ఆ పేరున్న లాయరు నిజంగా ఉన్నారో లేదో రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో విచారించవచ్చు. కోర్టు ముద్ర, మూడు సింహాల గుర్తు వేసి ఉంటే మాత్రం ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచండి. ఏ లాయరూ తన నోటీసు మీద అవి వేసుకోకూడదు. మీ మీదికి పంపిన ఆ కాగితమే వాళ్ల మీద సాక్ష్యమవుతుంది.

'సంతకం పెట్టలేదు, బటన్ నొక్కానంతే, అది చెల్లదు కదా' అని మీ స్నేహితులు ధైర్యం చెబుతుండవచ్చు. ఆ ధైర్యం పనికిరాదు. సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 10ఏ ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. మీరు మైనర్ కూడా కాదు. మీ బలం వేరే చోట ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం తెరిచి సెక్షన్ 67 చూడండి. పని చేయడానికి కావలసిన సదుపాయం అవతలివాడే కల్పించకపోతే, ఆ మేరకు పని జరగనందుకు ఇవతలివాళ్లది బాధ్యత కాదంటుంది. సైటు వాళ్లది, అది తెరుచుకోలేదు. నూట యాభై ఏళ్ల కిందట ఇంటర్నెట్టు ఊసే లేనప్పుడు రాసిన వాక్యం మీకు అతికినట్టు సరిపోతోంది! ఇచ్చిన మాట నిలబెట్టుకునే ఉద్దేశం మొదటి నుంచీ లేకుండా ఒప్పందం చేసుకుంటే అది సెక్షన్ 17 కింద మోసమే. అలాంటి ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మోసపోయినవాళ్లకు సెక్షన్ 19 ఇస్తుంది.

ఇవన్నీ పక్కన పెట్టి తప్పు మీదే అనుకున్నా, రూ. 6,800 అని అగ్రిమెంటులో రాసుకున్నంత మాత్రాన ఆ మొత్తం వాళ్లకు దక్కదు. అదే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం అగ్రిమెంటులో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సబబైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. నష్టాన్ని రుజువు చేయగలిగే వీలున్నప్పుడు రుజువు చేయాల్సిందేనని, అసలు నష్టమే లేనిచోట పరిహారం అడగలేరని 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీరు 90 ఫారాలు నింపకపోతే ఎవరికి ఏం నష్టం జరిగిందో వాళ్లు కోర్టులో చెప్పాలి. చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదని నా అనుమానం.

అరెస్టు మాటకొస్తే, ఒప్పందం ప్రకారం పని పూర్తి చేయకపోవడం నేరం కాదు, సివిల్ తగాదా. దావా వేసి, గెలిచి, డిక్రీ (డబ్బు కట్టాలన్న కోర్టు ఆదేశం) తెచ్చుకుని, దాన్ని అమలు చేయమని మళ్లీ కోర్టుకు వెళితే తప్ప మీ నుంచి ఒక్క రూపాయి రాబట్టలేరు. డబ్బు డిక్రీ అమలు కోసం మహిళను అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 56 సూటిగా చెబుతోంది. అంటే వాళ్లు చెప్పే దారిలో చివరిదాకా నడిచినా మీకు జైలు రాదమ్మా. యూనివర్సిటీకి ఉత్తరం రాస్తే రాయనివ్వండి. ఒక ప్రైవేటు సంస్థతో మీకున్న తగాదా కారణంగా హాల్ టికెట్టో, సర్టిఫికెట్టో ఆపేయడానికి చట్టంలో ఆధారం లేదు. చదువుకుంటూ సంపాదించుకోవడం కూడా తప్పేమీ కాదు. ఫెలోషిప్ తీసుకుంటున్నవాళ్లు మాత్రం దాని షరతులు చూసుకోవాలి.

రెండు సందర్భాల్లో లెక్క మారుతుంది. ఒకటి, నిజంగా కోర్టు సమన్లు రావడం. అప్పుడు ఊరుకుంటే మీరు లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. వాట్సాప్‌లో వచ్చింది కదా అని తీసిపారేయకండి, కొన్ని కోర్టులు ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపుతున్నాయి. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ సైటులో దాన్ని కొడితే కేసు ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. రెండోది, సెక్యూరిటీ పేరుతో సంతకం చేసిన చెక్కు ఇచ్చి ఉండడం. మీరు ఆ మాట రాయలేదు కాబట్టి ఇవ్వలేదనుకుంటాను. ఇచ్చి ఉంటే, అది బౌన్సయ్యాక వచ్చే నోటీసును పైన చెప్పినట్టు ఉత్త ఉత్తరంగా చూడకూడదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద అది క్రిమినల్ కేసుకు దారి తీస్తుంది, నోటీసు అందాక గడువు 15 రోజులే. వెంటనే లాయరును కలవాలి.

ఇప్పుడు చేయాల్సిన పని. పైసా కట్టకండి. 'సగం కట్టు, సెటిల్ చేద్దాం' అన్నా కట్టకండి. కడితే బాకీ ఒప్పుకున్నారంటారు, పైగా కట్టగల మనిషని తెలుస్తుంది. చాట్లు, ఫోన్ నంబర్లు, సైటు తెరుచుకోని స్క్రీన్‌షాట్లు, అగ్రిమెంటు కాపీ అన్నీ తేదీలతో భద్రపరచండి. అవన్నీ జతచేసి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. భయపెట్టి డబ్బు గుంజడం న్యాయ సంహిత సెక్షన్ 308, మోసం సెక్షన్ 318. ఫోన్ చేసినవాడు పోలీసునని చెప్పుకుని ఉంటే సెక్షన్ 204 కూడా వర్తిస్తుంది. ఖాతా అడిగిన ఫోన్ కాల్ సంగతి ఫిర్యాదులో తప్పకుండా రాయండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా లాయరును ఇస్తారు.

మీ ఆధార్, పాన్ కాపీలు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. వాటిని వెనక్కి తెచ్చుకోలేం. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి. మన పేరు మీదున్న అప్పుల వివరాలు నమోదు చేసే ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికొకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇస్తుంది. తెలియని అప్పు కనిపిస్తే ఆ రోజే ఫిర్యాదు చేయండి.

నాన్నగారి సంగతి చట్టం పరిధిలోది కాదు. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. వాళ్ల ఆయుధం సెక్షన్లు కాదు, మీరు ఇంట్లో చెప్పరన్న నమ్మకం. నోటీసు, ఈ జవాబు రెండూ ఆయన ముందు పెట్టండి. నేరుగా చెప్పడం కష్టమైతే ముందు అమ్మకో, బాబాయికో చెప్పండి.

నోటీసుకు ఈమెయిల్‌లో ఒకే ఒక్క జవాబు ఇవ్వండి. 'ఫలానా తేదీల్లో మీ సైటు పనిచేయలేదు. ఆధారాలు నా దగ్గర ఉన్నాయి. నేను మీకు బాకీ లేను. నింపిన 410 ఫారాలకు మీరే నాకు చెల్లించాలి. ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాను. సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు చేశాను, నంబరు ఇదీ.' అంతకుమించి రాయకండి. ఆ తర్వాత ఫోన్ మోగినా ఎత్తకండి.