పాజిట్రాన్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. గ్యాసుల్లో పాజిట్రాన్లు ఎలా ఢీకొంటాయో, ఎలా మాయమవుతాయో కొలిచే ప్రయోగాల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అందుకు విదేశాలకు వెళ్లాలట. బీఈడీ చేసి డీఎస్సీకి ప్రిపేరవమని మా ఆవిడ పట్టు. అసలు ఈ చదువుకు ఉద్యోగం ఉందా? రేడియేషన్‌తో పనంటే ఆడపిల్లకు ప్రమాదం కాదా? పొలం మీద అప్పు తేవాలా?

జవాబు: ముందు అప్పు సంగతి. వద్దండీ. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీకి మనం డబ్బు కట్టం, వాళ్లే మనకు ఇస్తారు. ఇక్కడ నెట్ రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, దానిపైన హెచ్‌ఆర్‌ఏ. విదేశాల్లో అయితే ఫీజు మాఫీ చేసి, ఖర్చులకు స్టైపెండ్ ఇచ్చే సీటుకే వెళ్లాలి. స్టైపెండ్ లేని అడ్మిషన్ లెటర్ వస్తే, ఎంత పేరున్న యూనివర్సిటీ అయినా సరే, వద్దనండి.

ఇక రేడియేషన్. ఈ పనిలో పాజిట్రాన్లను ఇచ్చే సోర్స్ ఎక్కువగా సోడియం-22 అనే రేడియోధార్మిక పదార్థం. దాన్ని సీసపు గోడల మధ్య పెడతారు, మనిషి ఛాతీ మీద డోసు కొలిచే బ్యాడ్జి ఉంటుంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) నిబంధన ప్రకారం ఈ పని చేసేవాళ్లకు డోసు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భం అని చెప్పాక పరిమితి ఇంకా బాగా తగ్గిస్తారు. ఆస్పత్రిలో పెట్ స్కాన్ చేసే అమ్మాయిలు రోజూ చూసేదీ ఈ పాజిట్రాన్ల రేడియేషనే. జాగ్రత్త కావాలి, భయం అక్కర్లేదు.

అసలు మీ అమ్మాయి చేస్తానంటున్నదేమిటో మీకు కొంచెం తెలియాలి. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రాన్‌కు అచ్చం జోడీ, చార్జి మాత్రం పాజిటివ్. 1932లో కార్ల్ ఆండర్సన్ కనిపెట్టాడు. ఎలక్ట్రాన్ ఎదురైతే రెండూ మాయమైపోయి, ఒక్కోటి 511 కిలోఎలక్ట్రాన్‌వోల్ట్‌ల శక్తితో సాధారణంగా రెండు గామా కిరణాలు వస్తాయి. ఒకటి అటు పోతే ఇంకోటి సరిగ్గా ఎదురు దిక్కుకు. ఇది మీ అమ్మాయి బహుశా ల్యాబ్‌లో చేసే ఉంటుంది. సోర్స్‌కు అటూ ఇటూ రెండు డిటెక్టర్లు ఎదురెదురుగా పెడితే కౌంట్లు దండిగా వస్తాయి. ఒకదాన్ని పది డిగ్రీలు పక్కకు జరిపితే చటుక్కున పడిపోతాయి. ఆ రోజు ఇంటికొచ్చి ఎలా చెప్పిందో గుర్తు చేసుకోండి. ఉత్సాహంగా చెప్పిందా, రికార్డు రాయడానికి విసుక్కుందా? మార్కుల లిస్టు కన్నా నాకు అదే ముఖ్యం.

మాయమయ్యేలోగా పాజిట్రాన్ గ్యాసులో ఏం చేస్తుందన్నదే వీళ్ల పరిశోధన. హీలియం అణువులో ఎలక్ట్రాన్లు రెండే. కానీ పాజిట్రాన్ మాయమయ్యే వేగం కొలిస్తే, దాదాపు నాలుగు ఎలక్ట్రాన్లు ఉన్నట్టు లెక్క తేలుతుంది. అణువు పాజిట్రాన్‌ను తనవైపు లాక్కుంటుంది కదా, అందుకని. ఇక్కడిదాకా బాగానే ఉంది. మీ వంటింటి సిలిండర్‌లో ఉండే బ్యూటేన్ తీసుకోండి. దాని అణువులో 34 ఎలక్ట్రాన్లు. కొలిస్తే లెక్క పదివేలు దాటుతుంది! 1960ల నుంచీ హైడ్రోకార్బన్లలో ఇలాంటి వింత అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి, కారణం మాత్రం గట్టిగా తేలలేదు. అమెరికాలోని శాన్‌డియేగోలో క్లిఫ్ సుర్కో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ బృందం పాజిట్రాన్లను నైట్రోజన్ గ్యాసుతో నెమ్మదింపజేసి, ట్రాప్‌లో పోగుచేసి, శక్తి బాగా కచ్చితంగా ఉండే కిరణంగా వదలడం నేర్చుకుంది. 2000 తర్వాత ఆ కిరణంతో కొలిస్తే గుట్టు బయటపడింది. పాజిట్రాన్ తన శక్తిని అణువు కంపనానికి ఇచ్చేసి కాసేపు దానికి అతుక్కుని ఉండిపోతోంది. అతుక్కుని ఉన్నంతసేపూ ఎలక్ట్రాన్ దొరికే అవకాశం పెరుగుతుంది. వంటగ్యాసులో ఇంత కథ ఉందని నాకు మొదటిసారి తెలిసినప్పుడు నేనూ నోరు తెరిచాను.

ఇదంతా వినడానికి బాగుంటుంది. రోజువారీ పని వేరు. సోడియం-22 నుంచి పాజిట్రాన్లు వందల కిలోఎలక్ట్రాన్‌వోల్ట్‌లతో దూసుకొస్తాయి. వాటిని టంగ్‌స్టన్ రేకు గుండా పంపితే పదివేలకు ఒకటో రెండో, మహా అయితే పదో మాత్రమే నెమ్మదైనవి చేతికొస్తాయి. గడ్డకట్టించిన నియాన్ వాడితే ఇంకా మెరుగు, కానీ దానికి మైనస్ 260 డిగ్రీల కంటే చల్లగా ఉంచే యంత్రం కావాలి. అలా దక్కిన కొద్దిపాటి పాజిట్రాన్లను గ్యాసు లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి లెక్కపెట్టి, ఎన్ని తగ్గాయో చూడాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఢీకొని కొద్దిగా మాత్రమే పక్కకు మళ్లిన పాజిట్రాన్ కూడా వెళ్లి డిటెక్టర్‌లో పడుతుంది. ఢీకొననట్టే లెక్కలోకి వచ్చేస్తుంది. దాంతో ఢీకొనే అవకాశం అసలు విలువ కన్నా తక్కువ తేలుతుంది. ఒకే గ్యాసుకు అమెరికాలోని డెట్రాయిట్‌లోనూ, ఇటలీలోని ట్రెంటోలోనూ, ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలోనూ కొలిచిన అంకెలు తక్కువ శక్తి దగ్గర తేడాగా రావడానికి ఇదో పెద్ద కారణం.

నేను ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఓ వాక్యూమ్ ల్యాబ్‌లో రెండేళ్లు పనిచేశాను. ఒకసారి పంపు ఆన్ చేసి పది రోజులైనా ప్రెషర్ దిగదు. బోల్టులన్నీ విప్పి బిగించాం, వెల్డింగులు అనుమానించాం. చివరికి చూస్తే ఓ-రింగ్ (గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగు) మీద అడ్డంగా ఒక్క తలవెంట్రుక! మా గైడ్ ఏమీ అనలేదు, దాన్ని టేపుతో నోట్‌బుక్‌లో అంటించి తేదీ వేశారు. ఆ పది రోజులు నాకు విసుగే మిగిలింది, నా పక్కనున్న కుర్రాడికి మాత్రం పండగలా గడిచింది. నేను బయటికొచ్చేశాను, అతను అందులోనే ఉన్నాడు. మీ అమ్మాయి ఏ రకమో మీకంటే తనకే బాగా తెలుసు.

ఎక్కడ చదవాలన్నది తర్వాతి మాట. మన దేశంలో పాజిట్రాన్ల ప్రయోగాలు ఎక్కువగా లోహాలు, పాలిమర్లలో లోపాలు వెతికే వైపే సాగాయి. ముంబైలో బాబా అణు పరిశోధన కేంద్రం (బార్క్), తమిళనాడులోని కల్పాక్కంలో ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం (ఐజీకార్) పేర్లు ముందుగా చెప్పుకోవాలి. గ్యాసుల మీదే కావాలంటే ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా వైపు చూడాలి. నన్నడిగితే రెండు దారులూ తెరిచి ఉంచుకోమంటాను. ఈ ఏడాది నెట్, ఫిజిక్స్ పీహెచ్‌డీ సీట్ల కోసం పెట్టే జెస్ట్ రాయమనండి, విదేశాలకూ అప్లై చేయమనండి. కల్పాక్కంలో చేసినా నేర్చుకునే చేతిపని చాలావరకు అదే.

ఉద్యోగం మాటకొస్తే, "పాజిట్రాన్ నిపుణులు కావలెను" అని పేపర్లో ప్రకటన ఎప్పటికీ రాదు. యూనివర్సిటీ పోస్టులు కొద్దే, వాటికి పోటీ ఎక్కువే. కానీ అయిదేళ్లు వాక్యూమ్, డిటెక్టర్లు, నానోసెకన్ల టైమింగ్ ఎలక్ట్రానిక్స్, చెత్త డేటాలోంచి నిజం ఏరడం నేర్చుకున్న మనిషి అవసరం సెమీకండక్టర్ పరికరాల కంపెనీలకు, స్కానర్లు తయారుచేసే వాళ్లకు, అణుశక్తి సంస్థలకు ఉంటుంది. మధ్యలో మనసు మారితే బార్క్ వాళ్ల రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా ఉంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ మీద ఏడాది కోర్సు, క్యాన్సర్ ఆస్పత్రుల్లో మెడికల్ ఫిజిసిస్ట్ పనికి దారి. తనకు పాఠం చెప్పడమే ఇష్టమైతే బీఈడీ మంచి దారే, మీ ఆవిడ తప్పేం అనలేదు. కాకపోతే అది రెండేళ్లాగినా దొరుకుతుంది.

ఈ నెలలో అమ్మాయి చేత రెండు పనులు చేయించండి. హీలియం మీద రెండు ల్యాబుల వాళ్లు వేసిన గ్రాఫులు పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకు వచ్చి ఉండొచ్చో ఒక పేజీ సొంతంగా రాయమనండి. ప్రొఫెసర్లకు ఈమెయిల్ పంపేటప్పుడు "మీ పరిశోధన నాకెంతో ఇష్టం" అనే వాక్యం బదులు ఆ పేజీ జతచేయమనండి. రెండోది, జవాబిచ్చిన ప్రతి ల్యాబ్‌నూ మీ సోర్స్ ఏ ఏడాది కొన్నారని అడగమనండి. సోడియం-22 రెండు సంవత్సరాల ఏడు నెలలకు సగమైపోతుంది, అయిదేళ్లు దాటేసరికి పావు వంతుకు వస్తుంది. పాత సోర్స్ పెట్టుకుని, కొత్తది ఎప్పుడు కొంటారో చెప్పలేని చోట చేరితే, తన థీసిస్ డేటాకు ఏడాది పట్టాల్సింది మూడేళ్లు పట్టొచ్చు.