విమోచన అంటే ఏంటో నాకు తాకట్టు కొట్టులో తెలిసింది

మీరు అడిగింది ఇది: వ్యాపారం పోయింది, అప్పులు మిగిలాయి, ముప్పై ఆరేళ్లకే అంతా అయిపోయినట్టుంది, బతుక్కి ఉద్దేశమే కనబడట్లేదు. చర్చిలో విమోచన, విమోచన (వెల కట్టి విడిపించడం) అంటారు కదా, అది పాటల్లో తప్ప బతుకులో పనికొస్తుందా, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి అని. నాకు అనుభవం ఉంది. ముందే ఒక మాట చెప్పేస్తాను, నా డబ్బు తిరిగి రాలేదు. అలాంటి సాక్ష్యం కోసం చూస్తుంటే ఈ జవాబు చదవక్కర్లేదు.

మాది ప్రకాశం జిల్లా, కొత్తపట్నం వైపు. మూడెకరాల చెరువు లీజుకి తీసుకుని వనామీ రకం రొయ్య వేసేవాణ్ణి. 2018లో ఒక పంట పోయింది. రొయ్యల్లో పోయినవాడు రొయ్యల్లోనే రాబట్టుకోవాలనుకుంటాడు, పేకాట లాగే. 2019 జనవరిలో చెరువులో వదలడానికి రొయ్య పిల్ల కొనడానికి చేతిలో డబ్బుల్లేక, చనిపోయిన మా అమ్మ గాజులు నాలుగూ ఒంగోల్లో ఒక కొట్లో తాకట్టు పెట్టాను. డెబ్బై వేలు, రెండు రూపాయల వడ్డీ. ఆ గాజుల్లో సగం మా అక్కవి. ఆమెకి చెప్పలేదు.

పిల్ల వదిలిన ముప్పై ఎనిమిదో రోజు, ఇంకా వెలుగు రాకముందే చెరువు మీద కాకులు తిరుగుతున్నాయి. రొయ్యల రైతుకి ఆ అరుపులు చాలు. రొయ్య మేత తింటుందో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే మేత వేసింది వేసినట్టే ఉంది. గట్టు వారగా నీరసంగా కదులుతున్న రొయ్యని పట్టుకుని, తల మీద డిప్ప ఒలిచి టార్చి వెలుతురుకి పెట్టాను. తెల్ల చుక్కలు. వైట్ స్పాట్, చెరువు మొత్తాన్ని తుడిచిపెట్టే రొయ్యల జబ్బు.

ఇక్కడిదాకా నష్టం. తర్వాత చేసింది తప్పు. జబ్బు వచ్చిన చెరువులో నీళ్లు అలాగే బయటికి వదలకూడదు. బ్లీచింగ్ వేసి, కొన్నాళ్లు నిలవుంచి వదలాలి. మా దగ్గర చిన్న పిల్లాడికి కూడా తెలుసు. బ్లీచింగ్‌కి డబ్బుల్లేవు, ఉన్నా పెట్టే మనసు లేదు. ఆ రాత్రి తూము ఎత్తేశాను. వారం తిరక్కుండా, అదే కాలవలోంచి నీళ్లు తోడుకునే పక్క చెరువు పెద్దాయన రొయ్యా పోయింది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

రెండేళ్లు ఎలా గడిచాయో రాయడానికి పెద్దగా ఏం లేదు. మందు, ఆఫ్ చేసిన ఫోను, ఆదివారం మధ్యాహ్నం దాకా పడక.

మేం తాతముత్తాతల నుంచి బాప్టిస్టులం. అమెరికా బాప్టిస్టులు నడిపే నెల్లూరు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో తర్జనభర్జన పడుతున్న రోజుల్లో, 1854 జనవరి 1న అక్కడి మిషనరీ జువెట్ దొర కొద్దిమందితో ఒంగోలు కొండెక్కి తెల్లవారుజామున ప్రార్థన చేసిన కథ నాకు ఉగ్గుపాలతో పోశారు. 1876-78 కరువులో అదే మిషన్‌కి చెందిన క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు. ఈ అంకె మాకు ఎక్కాల్లాగా నోటికొచ్చు. కానీ పీకల్లోతు అప్పులో ఉన్నవాడికి ముత్తాతల అంకెలు ఏం చేస్తాయి? సిగ్గు ఇంకాస్త పెంచాయి, అంతే.

2021 జూన్‌లో కొట్టు వాళ్ల వేలం నోటీసు వచ్చింది. నేనిచ్చిన ఆధార్‌లో పాత అడ్రసు ఉండటంతో అది నేరుగా అక్క వాళ్లింటికి వెళ్లింది. ఆమె మర్నాడే బస్సు దిగింది. తిడుతుందని తల వంచుకుని నిలబడితే "చొక్కా మార్చుకుని పద" అంది. దారంతా మాట్లాడలేదు.

అసలూ వడ్డీ కలిపి లక్షా పది వేల ఆరొందలు. కొట్టాయన గాజుల్ని లైటు కింద తిప్పి చూసి, "అరిగిపోయినయ్యమ్మా, ఇదైతే నొక్కుకుపోయింది కూడా. వదిలేయండి. ఈ డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్త డిజైన్ వస్తయ్" అన్నాడు. ఆయన లాభం ఆయనది. అక్క నోట్లు లెక్కపెట్టడం ఆపలేదు. "కొత్తవి మా అమ్మవి కావు కదండీ" అంది.

చిన్నప్పటి నుంచి వంద ప్రసంగాల్లో విన్న విమోచన అన్న మాట అక్కడ, ఆ కౌంటర్ ముందు, చెవికెక్కింది. లేవీయకాండము 25వ అధ్యాయం తీయండి. బీదతనంతో పొలం అమ్ముకున్నవాడి కోసం దగ్గరి బంధువు వచ్చి దాన్ని విడిపించాలి. అలాంటి బంధువుని హీబ్రూలో గోయెల్, అంటే విమోచకుడు, అంటారు. రూతు భర్త పోయిన ఆడమనిషి, బోయజు ఆ భర్త వైపు బంధువు. రూతు గ్రంథం చివర్లో బోయజు కంటే దగ్గరి బంధువు ఒకడుంటాడు. పొలం వరకూ సరేనంటాడు, రూతుని కూడా చేసుకోవాలనేసరికి తన ఆస్తి చెడుతుందని వెనక్కి తగ్గి, హక్కు వదులుకున్నట్టు గుర్తుగా చెప్పు తీసి ఇచ్చేస్తాడు. (ఆయన మీద నాకు కోపం లేదు. మా బంధువుల్లో చాలామంది ఆయనే.) బోయజు మాత్రం నిలబడి మొత్తం భారం మీద వేసుకుంటాడు. యేసు మనల్ని విమోచించాడంటే నాకిప్పుడు వినబడేది అదే: అరిగిందీ, నొక్కుకుపోయిందీ తెలిసి కూడా, మనం ఆయనవాళ్లం కాబట్టి ఖరీదు కట్టాడు. రెండేళ్లుగా నన్ను నేను కొట్టాయన తక్కెట్లోనే తూచుకుంటున్నాను.

ఆ రాత్రి హాయిగా నిద్రపట్టిందని రాస్తే అబద్ధం. తూము గుర్తొచ్చింది. దేవుడు క్షమించాడని పాడుతూ పక్క చెరువు గట్టు మీద నడవలేను కదా. నెల రోజులు వాయిదా వేసి, ఒక సాయంత్రం వెళ్లాను.

"ఆ రాత్రి నీళ్లు వదిలింది నేనే పెదనాయనా."

"నాకు అప్పుడే తెలుసురా. తెల్లారేసరికి నీ చెరువు అడుగు కనబడతా ఉంది. ఏడకి పోయినయ్ మరి?"

ఎంత పోయిందో చెప్పమన్నాను, కొంచెం కొంచెం తీరుస్తానన్నాను. ఆయన చాలాసేపు కాలవ వైపు చూశాడు. "నువ్వేడ తెచ్చి తీరుస్తావ్? నాకు మోకాళ్లు పట్టేసినయ్. పొద్దున్నే ట్రేలు చూసేదానికి మనిషి కావాల" అన్నాడు.

అలా మొదలైంది. ఇప్పుడు ఆయనతో పాటు మరో ఐదుగురు చిన్న రైతుల చెరువులు జీతానికి చూస్తున్నాను. సొంత చెరువు లేదు, ఇంకా రెండు లక్షల అరవై వేలు బాకీ ఉంది. ఏ చెరువు మీద కాకులు తిరిగినా ఫోన్ ముందు నాకే వస్తుంది. బ్లీచింగ్ బస్తాలు దించేదాకా అక్కడే నిలబడతాను. తూము వైపు చూసే కళ్లు నాకు తెలుసు. అప్పుడు నా సంగతి చెబుతాను, ఏదీ దాచకుండా. మీరు అడిగిన "ఉద్దేశం" నా విషయంలో ఇంతే, మేత వాసన వస్తుంది.

మీ విషయానికొస్తే, అప్పుల్లో ఉన్నవాణ్ణి పట్టుకుని "విత్తనపు కానుక వేయి, నూరంతలు వస్తుంది" అనేవాళ్లు తగులుతారు. దూరంగా ఉండండి. క్లౌ దొర కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట ఉండకూడదని. మా పెద్దవాళ్ల కథలో నాకు ఇప్పుడు ఎక్కువ ఇష్టమైన ముక్క అదే, 2,222 కంటే. అలాగే రాత్రుళ్లు చావు ఆలోచనలు వస్తుంటే ప్రార్థన ఒక్కటే పెట్టుకుని కూర్చోకండి. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు, ఒక పూటలో అయిపోతుంది. ఇంకోటి, మీ ఇంట్లో మీరు చెప్పకుండా దాచింది ఏదైనా ఉంటే, నోటీసు వెళ్లేలోపు మీరే చెప్పండి. నాకు ఆ ధైర్యం చాల్లేదు.

గాజులు అక్క దగ్గరే ఉన్నాయి. మా వాటా నేను అడగలేదు, ఆమె ఇస్తాననీ అనలేదు. పోయిన క్రిస్మస్‌కి మాత్రం ఆ నొక్కుకుపోయినది తెచ్చి మా అమ్మాయి చేతికి తొడిగింది. దానికి తొమ్మిదేళ్లు. వదులై జారిపోతుంటే ఎర్ర దారం చుట్టి బిగించింది.