గురువారం నాటి బీపీని పక్కన పెట్టు

చిరంజీవి తల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన షీట్ అందింది. సంక్రాంతి నుంచి జూన్ దాకా బీపీ, బరువు, నిద్ర, నడక విడవకుండా రాస్తూ వచ్చావంటే నాకెంతో సంతోషంగా ఉంది. డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినన్నాళ్లూ పిల్లలను నేను బతిమాలింది దీని కోసమే, మీ సొంత లెక్కలు తెచ్చుకుని వాటి మీద పనిచేయండి అని. కానీ నువ్వు అడిగిన ప్రశ్న నాకు నచ్చలేదు. “మార్చిలో ఒక గురువారం పై బీపీ 141 వచ్చింది, షీట్ మొత్తంలో అదే ఎక్కువ, ఎందుకొచ్చింది పెద్దమ్మా?” అన్నావు. ముందు తెలుసుకోవలసింది వేరే ఉంది. ప్రత్యేకంగా ఏమీ జరగని రోజుల్లో నీ బీపీ ఎంత మేర పైకీ కిందికీ ఊగుతుంది? అది తెలియనంత వరకు ఏ ఒక్క రోజుకూ కారణం వెతకవద్దు.

అది తెలియాలంటే షీట్ కాస్త బాగుచేయాలి. నువ్వు బీపీని ఒకే గడిలో 128/82 అని రాశావు. ఎక్సెల్ దాన్ని సంఖ్యగా కాక మాటగా చదువుతుంది, సగటు తీయమంటే తీయదు. పై బీపీకి ఒక కాలమ్, కింది బీపీకి ఒకటి, నాడికి ఒకటి పెట్టు. తేదీలు కూడా చూడు. కొన్ని గడికి ఎడమవైపు, కొన్ని కుడివైపు ఆనుకుని ఉన్నాయి. నువ్వుగా అమరిక మార్చకపోతే కుడివైపున ఉన్నవే అసలు తేదీలు, ఎడమవైపువి తేదీలా కనిపించే మాటలు. ఎక్సెల్ ప్రతి తేదీనీ లోపల ఒక సంఖ్యగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 దానికి 1, అక్కడి నుంచి రోజుకొకటి పెరుగుతుంది. మాటగా మిగిలిపోయిన తేదీలు ఈ వరుసలోకి రావు, క్రమంలో పేర్చితే అన్నీ అడుగుకు చేరతాయి. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే మరీ ప్రమాదం, ఏప్రిల్ 3 అనుకుని 03/04 అని కొడితే చెప్పాపెట్టకుండా మార్చి 4 చేసేస్తుంది. ఏడాది ముందు పెట్టి 2025-04-03 అని రాయడం అలవాటు చేసుకో.

నెలకో షీట్ వద్దు, అన్నీ ఒకే చోట ఒకదాని కింద ఒకటి ఉండాలి. ఒంట్లో బాగాలేని రోజులకు ఎరుపు రంగు వేశావు. రంగు నీ కంటికి తెలుస్తుంది గానీ ఫార్ములాకు తెలియదు. ‘గమనిక’ అని ఒక కాలమ్ పెట్టి జ్వరం, రైలు ప్రయాణం, పెళ్లి భోజనం అని మాటల్లో రాయి. బీపీ ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు చూసుకుంటున్నావు కాబట్టి ఒక్కో రీడింగ్‌కు ఒక్కో వరుస ఇవ్వు. రోజువారీ సగటులు, ఉదయం సాయంత్రం తేడాలు పివట్ టేబుల్ (వరుసలను గుంపులు చేసి లెక్కగట్టే ఎక్సెల్ పట్టిక) నిమిషంలో తీసిపెడుతుంది. నిద్ర గంటలు రుణసంఖ్యలుగా వస్తున్నాయన్నావు కదా, పడుకున్నది అర్ధరాత్రికి ముందు, లేచింది తర్వాత కావడం వల్ల అలా వస్తుంది. లేచిన సమయంలోంచి పడుకున్న సమయం తీసే ఆ తీసివేతను మాడ్ (MOD, భాగించగా మిగిలే శేషాన్నిచ్చే) ఫంక్షన్‌లో పెట్టి 1తో భాగించమను, సరిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. తెలియని చోట సున్నా వేయకు. ఫోను ఇంట్లో వదిలి బయటికి వెళ్లిన రోజున అడుగులు 0 అని ఉన్నాయి. ఆ రోజు నువ్వు నడవలేదని కాదు, ఎంత నడిచావో తెలియదంతే. ఎక్సెల్ సగటు తీసేటప్పుడు ఖాళీ గడులను వదిలేస్తుంది, సున్నాలను లెక్కలో వేసుకుంటుంది. తెలియని రోజుల సున్నాలన్నీ చెరిపివేస్తే నీ నడక సగటు వెంటనే పెరుగుతుంది, అదే నిజమైనది.

ఇప్పుడు గీత గీయి. అంకెల సగటు ఒక్కటే చూసి తృప్తి పడవద్దు. 1973లో ఆన్‌స్కోంబ్ అనే స్టాటిస్టిక్స్ పండితుడు నాలుగు చిన్న పట్టికలు తయారుచేశాడు. నాలుగింటికీ సగటులు, సహసంబంధం (రెండు కాలమ్‌లు ఎంత మేర కలిసి మారతాయో చెప్పే అంకె) దాదాపు ఒకటే, గ్రాఫ్ గీస్తే మాత్రం నాలుగూ నాలుగు రకాలు. ఇక నీ బరువు గ్రాఫ్‌లో నిలువు గీత 61 నుంచి 63 వరకే ఉంది, అందుకే అరకిలో తేడా కూడా కొండలా కనిపించి భయపెడుతోంది. ఒంట్లో నీటి వల్లే బరువు ఒక రోజులో అంత మారుతుంది. 55 నుంచి 70 అని నువ్వే హద్దులు పెట్టి చూడు. బీపీకి రీడింగులను చుక్కలుగా ఉంచి, వాటి మీద ఏడు రోజుల సగటును లావు గీతగా వేయి. ఏడే ఎందుకంటే, అందులో ఆది నుంచి శని దాకా ప్రతి రోజూ ఒక్కసారి వస్తుంది, కాబట్టి ఆదివారపు నిద్ర, సోమవారపు హడావిడి గీతను వంచలేవు.

నీ ఉదయపు రీడింగులను ఏప్రిల్ చివరి వరకు తీసుకుని చిన్న నుంచి పెద్దకు పేర్చాను. మధ్యగతం, అంటే సరిగ్గా నడుమ పడిన అంకె, 127. పదింట ఎనిమిది 119కీ 136కీ మధ్య పడ్డాయి, పదింట ఒకటి 136 దాటింది. నీ ఊగిసలాట అది. ఆ గురువారం అందులో భాగమే, దానికి వేరే కథ అవసరం లేదు. వాల్టర్ షూహార్ట్ అనే అమెరికన్ ఇంజనీరు 1924లో ఫ్యాక్టరీ సరుకు నాణ్యత చూడటానికి మొదటి కంట్రోల్ చార్ట్ గీసింది ఈ సందేహం తీర్చడానికే, ఈ తేడా ఎప్పుడూ ఉండేదేనా, కొత్తగా ఏదైనా జరిగిందా అని. ఆయన 1947-48లో మన దేశానికీ వచ్చి వెళ్లాడు. ఆ చార్టులు వాడేవాళ్లు పాటించే నియమం ఒకటి నీకు పనికొస్తుంది. వరుసగా ఎనిమిది చుక్కలు మధ్యగీతకు (నీకైతే 127 దగ్గర గీసే గీతకు) ఒకే పక్కన పడితే అప్పుడు ఆగి చూడాలి. నాణెం ఎగరేస్తే వరుసగా ఎనిమిదిసార్లు బొమ్మే పడటానికి 256లో ఒక వంతే అవకాశం.

నీ షీట్‌లో అలాంటి చోటు ఒకటి ఉంది, నువ్వు గమనించలేదు. మే రెండో వారం నుంచి ఉదయపు చుక్కలన్నీ గీతకు పైనే ఉన్నాయి, ఏడు రోజుల సగటు 132 దగ్గర నిలబడింది. ఒక్క రోజు కూడా 141 రాలేదు కాబట్టి నీ కంట పడలేదు. సాధారణంగా ఎండాకాలంలో బీపీ కాస్త తగ్గుతుంది, చలికాలంలో పెరుగుతుంది. నీది ఎండల్లో పెరిగింది. ఆ నెలలో కొత్తగా ఏం మారింది? గమనికల్లో ‘కొత్త ఆవకాయ’ అని నువ్వే రాశావు. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, కూరల్లోదీ ఊరగాయల్లోదీ అన్నీ కలిపి. అదే కారణమని నేను తేల్చి చెప్పడం లేదు. సెలవుల్లో నడక కూడా తగ్గింది, రెండూ కలిసి వచ్చాయి. అందుకే ఒక్కటే మార్చి చూడు. రెండు వారాలు ఊరగాయలు మాను, నడక ఇప్పుడున్నట్టే ఉంచు. ఏమవుతుందని అనుకుంటున్నావో మొదలుపెట్టే ముందే గమనికలో రాసిపెట్టు.

మెంతినీళ్ల విషయం కూడా చెప్పాలి. 141 వచ్చిన మర్నాడు మొదలుపెట్టావు, తగ్గిందన్నావు. తాగకపోయినా తగ్గేది. అన్నిటికంటే పెద్ద అంకె వచ్చిన తర్వాత వచ్చేది చాలావరకు మామూలుకు దగ్గరగానే ఉంటుంది. తల్లిదండ్రుల ఎత్తులు, పిల్లల ఎత్తులు పోల్చి 1886లో గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ప్రచురించిన లెక్కల్లో కనిపించింది ఇదే, బాగా పొడుగువాళ్ల పిల్లలు సగటుకు కాస్త దగ్గరగా వచ్చారు. మందు పరీక్షించాలంటే మామూలు రోజున మొదలుపెట్టాలి.

నీ షీట్‌లో పన్నెండు కాలమ్‌లున్నాయి. ప్రతిదాన్నీ మిగతావాటితో పోలిస్తే 66 జతలవుతాయి. ఇరవైలో ఒకటి యాదృచ్ఛికంగా పొసగినా మూడు జతలు నీకు గొప్ప రహస్యాల్లా కనిపిస్తాయి. ‘మనసు ఎలా ఉంది, 1 నుంచి 10’ అన్న కాలమ్ తీసేయమని నా సలహా. నీ 6కూ 7కూ తేడా ఏమిటో నీకే తెలియనప్పుడు దాని సగటుతో ఏం చేస్తాం?

డాక్టరు దగ్గరికి షీట్ మొత్తం పట్టుకెళ్లకు, ఒక్క వారం చాలు. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, అంతకు ముందు అరగంట కాఫీ తాగకుండా, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో ఉంచి కొలువు. ఉదయం రెండు, సాయంత్రం రెండు, మధ్యలో నిమిషం విరామం. ఏడు రోజులు చూసి మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయి. ఇంట్లో తీసిన ఆ సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆలస్యం చేయకు. మందు మొదలుపెట్టడం, మానడం ఆయన చెప్పాకే.

షీట్ లింకు ఎవరు తెరిచినా కనిపించేలా ఉంది. ఇవాళే మార్చి, నాకు మాత్రమే ఇవ్వు. కాలమ్‌లు విడదీసి, సున్నాలు చెరిపి, వచ్చే ఆదివారానికి పంపితే సాయంత్రం ఫోనులో ఇద్దరం కలిసి గీతలు గీద్దాం.

ఇట్లు,
నీ పెద్దమ్మ