ముందు మణికట్టు, తర్వాతే పోటీలు

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. 7వ ఏట నుంచి పియానో నేర్చుకుంటోంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కచేరీలు చేసే కళాకారిణి కావాలని ఆమె పట్టుదల. రోజుకు 5 గంటలు వాయిస్తోంది. బడి మానేస్తే ఇంకా ఎక్కువ సాధన చేయగలనంటోంది. నెల రోజులుగా కుడి మణికట్టు నొప్పిగా ఉందని చెబుతూనే వాయిస్తోంది. ఇప్పటికే ఆలస్యమైందా? ఈ వృత్తితో బతకగలదా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నల కంటే, వాటికి ముందు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన నొప్పి సంగతే నన్ను కలవరపెట్టింది. ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా ఆమెను వాయించనివ్వకండి. నొప్పిని ఓర్చుకోవడమే దీక్ష అని నమ్మే పిల్లలు ఈ విద్యలో చాలామంది ఉంటారు. పియానో విద్వాంసుడు కావాలనుకున్న జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ యౌవనంలోనే కుడిచేతి వేలు స్వాధీనం తప్పి ఆ ఆశ వదులుకోవలసి వచ్చింది. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌కు 1960ల మధ్యలో, పేరు ప్రతిష్ఠలు వచ్చాక, కుడిచేతి వేళ్లు ముడుచుకుపోవడం మొదలైంది. చాలా ఏళ్లు ఎడమచేతికి రాసిన రచనలే వాయించారు. మీ అమ్మాయికి అలా జరుగుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. సాధన గంటలు ఒక్కసారిగా పెంచినా, చేయి బరువును వాడుకోకుండా వేళ్లతోనే బలంగా నొక్కినా, స్టూలు ఎత్తు సరిపోకపోయినా మణికట్టు నొప్పి రావచ్చు. ఆమె కూర్చునే తీరును గురువు మళ్లీ మొదటి నుంచి పరిశీలించాలి. విశ్రాంతి రోజులు వృథా అని ఆమె బాధపడితే, స్వరలిపిని ఒళ్లో పెట్టుకుని మనసులోనే వాయించుకుంటూ కంఠస్థం చేయమనండి. పెద్ద విద్వాంసులు కూడా చేసే సాధనే అది.

గంటల లెక్క గురించి ఇంకొక మాట. 19వ శతాబ్దపు పియానో స్వరకర్త షోపాన్ తన శిష్యులను రోజుకు 3 గంటలకు మించి సాధన చేయవద్దని వారించేవారు. ఏకాగ్రత చెదిరిన తర్వాత వాయించినదంతా తప్పులను వేళ్లకు అలవాటు చేయడమే అవుతుంది. కాబట్టి బడి మానేస్తే మిగిలే సమయం ఆమె అనుకున్నంత ఉపయోగపడదు. పైగా కన్సర్వేటరీలో, అంటే పాశ్చాత్య సంగీత కళాశాలలో, డిగ్రీ చేయాలంటే చాలాచోట్ల బడి చదువు పూర్తయి ఉండాలి. జర్మనీ, ఆస్ట్రియా లాంటి చోట్ల చదవాలంటే అక్కడి భాష కూడా రావాలి. బడి మాననివ్వకండి.

15 ఏళ్లకు ఆలస్యమైందా అంటే, 8 ఏళ్ల పునాది ఉన్న పిల్ల విషయంలో కాలేదనే చెబుతాను. కన్సర్వేటరీ ప్రవేశానికి వాయించి చూపే ఆడిషన్‌లో సాధారణంగా బాఖ్ రాసిన ప్రెల్యూడ్ (ముందుమాట లాంటి చిన్న రచన), ఫ్యూగ్ (ఒకే స్వరపంక్తి పలు వరుసల్లో అల్లుకునే రచన) జంట ఒకటి, హేడన్, మొజార్ట్, బీథోవెన్‌లలో ఒకరి సొనాటా (కొన్ని భాగాలుగా సాగే రచన), 19వ శతాబ్దపు పెద్ద రచన ఒకటి, షోపాన్ లేదా లిస్ట్ ఎట్యూడ్ (వేళ్ల నైపుణ్యానికి పరీక్ష పెట్టే రచన) అడుగుతారు. చాలావరకు లిపి చూడకుండా వాయించాలి. ఆమెకు పాఠం చెప్పని, మీకు పరిచయం లేని ఒక సీనియర్ పియానిస్టు ఎదుట వాయించి నిర్మొహమాటమైన అభిప్రాయం తెలుసుకోండి. సంస్థను ఎంచుకునేటప్పుడు కూడా భవనాల పేర్లకంటే గురువే ముఖ్యం. వారానికోసారి ఆమె పక్కన కూర్చునేది ఆ ఒక్కరే. ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ, అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత కళాశాలలో 1928 నుంచి విద్యార్థుల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. సీట్లు మాత్రం చాలా తక్కువ.

పోటీల గురించి మీ అమ్మాయి కలలు కంటూ ఉంటుంది. పేరున్న అంతర్జాతీయ పియానో పోటీల్లో, పోలండ్‌లోని వార్సాలో షోపాన్ పోటీ అయిదేళ్లకోసారి, అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో క్లైబర్న్ పోటీ నాలుగేళ్లకోసారి జరుగుతాయి. 2022లో దక్షిణ కొరియా పియానిస్టు యున్‌చాన్ లిమ్ 18 ఏళ్లకే క్లైబర్న్ గెలిచారు. కానీ 1980లో వార్సాలో ఫైనల్‌కు కూడా ఎంపిక కాని ఇవో పొగొరెలిచ్ కోసం, న్యాయనిర్ణేతల్లో ఒకరైన ప్రసిద్ధ పియానిస్టు మార్తా అర్గెరిచ్ ఆ బాధ్యత వదిలేశారు. పొగొరెలిచ్ పేరు ప్రపంచమంతా తెలిసింది ఆ ఓటమితోనే. గెలుపు కొన్నాళ్లపాటు కచేరీలు తెచ్చిపెడుతుంది, తర్వాతి పోటీలో కొత్త విజేత వస్తారు. ఆ తర్వాత నిలబెట్టేది చేతిలో సిద్ధంగా ఉన్న రచనలే. 1999లో పియానిస్టు ఆండ్రే వాట్స్ రాలేకపోతే, 17 ఏళ్ల లాంగ్ లాంగ్ ఆయన స్థానంలో చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో చైకోవ్‌స్కీ కాన్సెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) వాయించారు. పిలుపు వచ్చేనాటికే అది లాంగ్ లాంగ్ వేళ్లలో ఉంది.

ఇక బతుకుతెరువు. వయొలిన్ నేర్చినవారికి ఆర్కెస్ట్రాలో నెలజీతం కుర్చీలు ఎన్నో ఉంటాయి. పియానోకు అలాంటివి దాదాపు ఉండవు. కేవలం సొలో కచేరీలతో జీవించేవారు అతి కొద్దిమంది. మిగిలినవారు పాఠాలు చెబుతారు, గాయకులకు పక్కవాద్యం వాయిస్తారు, ఒపేరా గాయకులకు పాత్రలు నేర్పుతారు, వయొలిన్, చెల్లో కళాకారులతో కలిసి ఛేంబర్ కచేరీలు (కొద్దిమంది బృందంగా చేసేవి) చేస్తారు. ఇది రెండో రకం బతుకని చిన్నచూపు చూసేవారిని నేను చూశాను, వారి మాట నమ్మకండి. జెరాల్డ్ మూర్ జీవితమంతా గాయకుల పక్కన కూర్చునే వాయించారు. 1967లో లండన్‌లో జరిగిన ఆయన వీడ్కోలు కచేరీలో ఫిషర్-డీస్కౌ, ష్వార్ట్జ్‌కాఫ్, విక్టోరియా దె లోస్ ఏంజెలెస్ లాంటి పేరున్న గాయకులు పాడారు.

అందుకే చెయ్యి కుదుటపడ్డాక రోజూ 20 నిమిషాలు కొత్త స్వరలిపిని చూసి అప్పటికప్పుడు వాయించడం అలవాటు చేయించండి. వయొలినో గాత్రమో నేర్చుకుంటున్న తోటి పిల్లలతో వారానికి ఒకసారైనా కలిసి వాయించమనండి. ఒంటరి సాధనలో పెరిగిన ఎందరో మంచి విద్యార్థులు ఇంకొకరి శ్వాసను అనుసరించి వాయించడం రాక పని దొరకక ఇబ్బంది పడతారు.

ఆమె ఇప్పుడు ఏ రచనలు వాయిస్తోందో మీరు రాయలేదు. డాక్టరు ఏమన్నారో, ఆ రచనల పేర్లేమిటో తెలియజేయండి. ఏ ఏడాది ఆడిషన్లకు సిద్ధం కావచ్చో అప్పుడు చెబుతాను.