అర్ధరాత్రి పొడవని చుక్క

ప్రశ్న: సార్, వేగుచుక్క పొడిచాకే అరక కట్టేవాళ్లమని మా నాయనమ్మ చెబుతుంది. సాయంత్రం పడమట మెరిసే పెద్ద చుక్క కూడా అదేనని మా ఫిజిక్స్ సార్ అంటే ఆమె ఒప్పుకోవడం లేదు. ఎవరిది కరెక్ట్? అక్కడ మనలాగే రాతి నేల ఉంటుందా?
– ఇంటర్ విద్యార్థిని, కల్వకుర్తి

జవాబు: మీ సార్‌దే కరెక్టమ్మా. రెండూ శుక్రుడే. సూర్యుడి చుట్టూ మనకన్నా లోపలి దారిలో తిరుగుతాడు కాబట్టి, మనకు సూర్యుడి నుంచి 47 డిగ్రీలకు మించి ఎడంగా కనిపించడు. కొన్ని నెలలు పొద్దు పొడవకముందు తూర్పున, కొన్ని నెలలు పొద్దు కుంకాక పడమట. ఈ చక్రం ఒకసారి తిరగడానికి 584 రోజులు. నడిరాత్రి మాత్రం ఉండడు.

ఇంట్లో గడియారం లేని రోజుల్లో మా నాయన తూర్పున పెద్ద చుక్కను చూసి, "వేగుచుక్క పొడిచింది, లేవండ్రా" అని పల్లికాయ బండి కట్టించాడు. బాదేపల్లి మార్కెట్ చేరినా తెల్లవారదే! గేటుకు తాళం. బస్తాల మీదే వణుకుతూ పడుకున్నాం. అది గురుడై ఉంటాడని నాకు డిగ్రీలో తట్టింది. నాయన మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

ఇక రాయి సంగతి. శుక్రుడి అడ్డకొలత 12,104 కిలోమీటర్లు, భూమికి కాస్త తక్కువ. 1982 మార్చిలో సోవియట్ వాళ్ల వెనెరా 13 అక్కడ దిగి రంగుల ఫొటోలు పంపింది. తాండూరు బండలు పగలగొట్టి పరిచినట్టుంటుంది ఆ నేల. పోలిక చూపుకే సుమా. తాండూరుది సున్నపురాయి, అక్కడిది లావా గడ్డకట్టిన రాయి. 127 నిమిషాలు పనిచేసి ఆ యంత్రం మూగబోయింది.

వేడి అలాంటిది మరి. మే నెలలో నల్లగొండలో 45 అంటేనే మనకు టెన్షన్. ఆ 4కూ 5కూ నడుమ ఒక 6 ఇరికించు: 465 డిగ్రీలు! పగలైనా రాత్రయినా అంతే, సీసం కరిగిపోతుంది. అక్కడి గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడే. మన గాలికి 90 రెట్లకు పైగా ఒత్తిడి. లోపలికొచ్చిన వేడి అంత తేలిగ్గా బయటపడదు. అందుకే సూర్యుడికి ఇంకా దగ్గరున్న బుధుడు కూడా ఇంత కాగడు. అన్నట్టు, అక్కడ పొద్దు పొడిచేది పడమట!

బైనాక్యులర్ దొరికితే, పొద్దు పూర్తిగా కుంకాకే సుమా, ఆ సాయంత్రపు చుక్కను నాయనమ్మకు వారం వారం చూపించు. పడమట దాని రోజులు అయిపోవచ్చేసరికి నెలవంకలా సన్నబడుతుంది. తర్వాత కొద్దిరోజులు మాయమై తెల్లారగట్ల తూర్పున లేస్తుంది. ఆ రోజు నిన్ను నిద్ర లేపమని ఆమెకే చెప్పు.