మిర్చి ఎగుమతి లైన్లోకి వెళ్తానంటున్నాడు, పంపమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది. బంగ్లాదేశ్‌కు మిర్చి పంపే వ్యాపారుల దగ్గర తనిఖీ ఫీజులు, సర్టిఫికెట్ల సంగతులు విని ఆ లైన్లోకే వెళ్తానంటున్నాడు. అందులో భవిష్యత్తు ఉందా?

జవాబు: ఉందండీ. అయితే ముందు అక్కడ జరిగే పనేమిటో మీవాడికి తెలియాలి.

మన మిర్చి పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ దాటి అవతల బేనాపోల్‌లో దిగాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. సరుకును పరీక్షించాం, చీడపీడలు లేవు అని మన ప్రభుత్వం ఇచ్చే పత్రమది. తనిఖీకి కట్టే ఫీజు సుంకం కాదు. గ్యాట్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలోని 8వ ఆర్టికల్ ప్రకారం ఇలాంటి ఫీజు ఆ సేవకయ్యే ఖర్చుకు కాస్త అటూఇటూగానే ఉండాలి, ఖజానా నింపుకోవడానికి వసూలు చేయకూడదు. అసలు వ్యాపారికి టెన్షన్ ఫీజుతో కాదు, ఆలస్యంతో. కాగితంలో బస్తాల లెక్క ఒకటి, లారీలో మరొకటి ఉంటే బండి ఆగిపోతుంది, హాల్టింగ్ చార్జీలు మీద పడతాయి. 2020 జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కు ప్రత్యేక పార్సిల్ రైల్లో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్లింది. రోడ్డు మీదైతే టన్నుకు 7,000 అయ్యే రవాణా ఖర్చు 4,608 రూపాయలకు దిగింది. కాగితాల పని మాత్రం రైలెక్కినా తప్పదు.

సరుకులో చీడపీడలు తనిఖీ చేసే మొక్కల క్వారంటైన్ కేంద్రాల్లో ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే కీటకశాస్త్రంలోనో, తెగుళ్ల శాస్త్రంలోనో ఎమ్మెస్సీ చేయడం మంచిది. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. దీన్నొక్కదాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు.

నేనైతే కస్టమ్స్ బ్రోకర్ పని వైపే, అంటే ఎగుమతిదారు తరఫున కస్టమ్స్ కాగితాలు నడిపించే పని వైపే మొగ్గుతాను. లైసెన్సున్న బ్రోకర్ దగ్గర చేరి, పరీక్ష రాసి జీ-కార్డు (బ్రోకర్ ఉద్యోగిగా కస్టమ్స్ పని చేసేందుకిచ్చే కార్డు) తెచ్చుకోవాలి. జీ-కార్డుతో రెండేళ్లు పనిచేసిన డిగ్రీవాళ్లు సొంత లైసెన్సు కోసం జరిగే రాతపరీక్షకు, మౌఖికానికి వెళ్లొచ్చు. మొదట్లో జీతం తక్కువే, అది చూసి మీరు కంగారుపడకండి. కాయగా వెళ్లే ఎండుమిర్చికి కస్టమ్స్ కాగితాల్లో రాసే కోడ్ 090421, దంచిన కారమైతే 090422. ఇలాంటివి ఏ కామర్స్ కుర్రాడైనా నేర్చుకుంటాడు. క్వారంటైన్ అధికారి ఫలానా పురుగు ఉందని సరుకు ఆపితే, దానికి ఏ ఫ్యూమిగేషన్ (మందు పొగతో పురుగును చంపడం) చేయాలో ఆయనతో దీటుగా మాట్లాడగలిగేది మీవాడిలాంటివాళ్లే.

ఈ సెలవుల్లో తెలిసిన ఎగుమతిదారు దగ్గరికి పంపి, ఒక్క కన్‌సైన్‌మెంట్ ఫైలు మొత్తం చదవమనండి. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, రోడ్డున వెళ్లే సరుకైతే కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లు అనే ఎగుమతి పత్రం బదులు బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్, అన్నీ. అప్పటికీ ఉత్సాహం తగ్గకపోతే ఎమ్మెస్సీనా, జీ-కార్డా అన్నది వాడినే తేల్చుకోనివ్వండి. ఈలోగా హిందీ మాట్లాడటం నేర్పించండి, బోర్డర్‌లో అది లేకపోతే కష్టం.